ఎన్ని కోట్లు? ఎన్నాళ్ళు?

బోరబండలో ఎమ్మెమ్‌టీఎస్ రైలెక్కితే లింగంపల్లి వైపు తరవాతి స్టేషనే హైటెక్ సిటీ. ఆ కాస్త దూరంలోనే ఆడవాళ్ళ పెట్టెలో సినిమా కబుర్లు బోలెడు దొర్లుతాయి. కొత్త సినిమా మాట రాగానే ఇప్పుడు మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని కోట్లటా?" అని. మన అమ్మలు అడిగింది అది కాదు. "ఎన్నాళ్ళాడింది?" అనేవారు.

రెండూ ఒకటేగా అంటారా? కాదండీ. టిక్కెట్టు ధర పెంచి, ఊళ్ళో హాళ్ళన్నిట్లో ఒకేసారి వేస్తే కోట్లు మూడు రోజుల్లో వచ్చి పడతాయి. వంద రోజులు మాత్రం అలా రావు. వంట ముగించి, పిల్లల్ని బడికి పంపి, పక్కింటి వదినగారిని వెంటబెట్టుకుని మ్యాట్నీకి వెళ్ళే ఇల్లాలు కరుణిస్తేనే వస్తాయి.

1963లో వచ్చిన 'లవకుశ' సంగతే చూడండి. డబ్బు చాలక మధ్యలో ఆగిపోయిన ఆ సినిమాని, సి. పుల్లయ్యగారు మొదలుపెడితే కుమారుడు సి.యస్. రావుగారు పూర్తి చేశారు. తెలుగులో అది తొలి పూర్తి రంగుల చిత్రం. జనం పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని మరీ వచ్చారు. రంగుల కోసం ఒకసారి వస్తారు, సరే. మళ్ళీ మళ్ళీ వచ్చింది అంజలీదేవి సీత కోసం. నింద మోసి, అడవిలో ఇద్దరు బిడ్డల్ని పెంచిన తల్లి కథ అది. రాముడికి చేతులెత్తి దండం పెట్టిన ఆడవాళ్ళే, మనసులో తీర్పు మాత్రం సీత వైపు చెప్పి ఇంటికెళ్ళారు.

1980లో 'శంకరాభరణం' విడుదలైనప్పుడు మొదట్లో హాళ్ళు వెలవెలబోయాయి. పెద్ద హీరో లేడు, ఫైటింగుల్లేవు. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పగా చెప్పగా నిండాయి. ఈనాటి లెక్కలో అయితే సోమవారానికే ఎత్తేసేవారు. విశ్వనాథ్‌గారి తులసి మనకి దక్కేదే కాదు!

పాతదంతా బంగారమని నేననను. 2017లో 'బాహుబలి' రెండో భాగం వెయ్యి కోట్లు దాటిన తొలి భారతీయ చిత్రమైంది. అందులో యుద్ధాలెన్ని ఉన్నా, కథని నిలబెట్టింది శివగామి, దేవసేనల పంతాలే. అత్తాకోడళ్ళ తగవు సింహాసనం దాకా వెళితే మనం చూడమా మరి!

2024 నాటి 'పుష్ప 2' ఆరు రోజుల్లోనే వెయ్యి కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించారు. జాతర ఘట్టంలో అల్లు అర్జున్ నటన మెచ్చుకోదగ్గదే. కానీ చీర కట్టడం కూడా హీరోగారే చేసేస్తే, శ్రీవల్లికి మిగిలిందేమిటి? మొగుణ్ణి చూసి మురిసిపోవడమేగా!

ఆ సినిమా లెక్కలో ఏ పట్టికా చేర్చని అంకె ఒకటుంది. డిసెంబరు 4 రాత్రి, హైదరాబాదు సంధ్య థియేటర్లో ప్రీమియర్ షో. మామూలు ధర మీద మరో 800 రూపాయలు పెంచుకోవచ్చని ప్రభుత్వం అనుమతి ఇచ్చిన ఆట అది. ఆ తొక్కిసలాటలో పిల్లలతో వచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది. కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. వారం ఆగి, మ్యాట్నీకి నింపాదిగా వెళ్ళి చూసే సినిమాకి ఆ రాత్రే ఎందుకంత తొందర? తొలి రోజు చూడకపోతే చూడనట్టే అని మనకి నేర్పింది ఈ కోట్ల లెక్కే.

డాలర్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ వసూలు చేసింది 2009 నాటి 'అవతార్'. రూపాయి విలువ తగ్గినట్టే డాలరు విలువా తగ్గిందని లెక్కవేస్తే, 1939లో వచ్చిన 'గాన్ విత్ ద విండ్' ముందుకొస్తుంది. అదీ ఒక మొండి ఆడపిల్ల కథే. చూశారా, కొలబద్ద మారితే కిరీటం మారిపోతుంది!

అందుకని, ఈసారి ఎవరైనా కోట్లు ఏకరువు పెడితే శాంతంగా వినండి. విని, "రెండోసారి వెళ్ళాలనిపించిందా?" అని ఒక్క మాట అడగండి. హిట్టో కాదో అక్కడే తేలిపోతుంది.