రీడింగ్ ఉన్నది ఉన్నట్టు

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. ఫిజిక్స్‌కు మరో 30. బైపీసీలో బాటనీ, జువాలజీ కూడా కలిపితే మొత్తం 120. డిగ్రీకి వెళ్లాక థియరీకి నాలుగు క్రెడిట్లు, ల్యాబ్‌కు ఒక క్రెడిట్. ఇంత విలువ కట్టిన చదువు గురించి, ప్రాక్టికల్స్ నడుస్తున్న ఈ వారంలో, నల్లగొండ జిల్లా మర్రిగూడ నుంచి దేవరకొండ దాకా ఏ బస్సెక్కినా వినపడే మాట ఒకటే: “ప్రాక్టికల్సే గదా, మార్కులు ఎట్లయినా పడ్తయి.” పిల్లల నోట ఈ మాట వింటే బాధ కలుగుతుంది. పెద్దల నోట వింటే ఆ బాధ రెట్టింపవుతుంది.

ల్యాబ్‌లో విద్యార్థి నుంచి ఆశించేవి ముఖ్యంగా నాలుగు. మొదటిది సాల్ట్ ఎనాలిసిస్. ఇచ్చిన లవణంలో ఏ ఆనయాన్, ఏ కాటయాన్ ఉన్నాయో వరుసగా పరీక్షలు చేసి తేల్చాలి. నైట్రేట్ అయితే బ్రౌన్ రింగ్ కనపడాలి. కాపర్ అయితే పొటాషియం ఫెర్రోసయనైడ్‌తో చాక్లెట్ రంగు అవక్షేపం రావాలి. రెండోది టైట్రేషన్, మూడోది రికార్డు, నాలుగోది వైవా.

వీటిలో చేతి నైపుణ్యాన్ని ఎక్కువగా పరీక్షించేది టైట్రేషన్. సోడియం కార్బొనేట్ ద్రావణాన్ని పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు కోనికల్ ఫ్లాస్కులోకి తీసి, రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేస్తే పసుపు రంగు వస్తుంది. బ్యూరెట్‌లోంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే, ఆమ్లం పడినచోట ఎరుపు మెరిసి మాయమవుతుంది. ఆ ఎరుపు పోవడానికి ఆలస్యమవుతోందంటే ఎండ్ పాయింట్ దగ్గరపడినట్టే. ఇక చుక్క చుక్కే వదలాలి. బ్యూరెట్ మీద అతి చిన్న గీత 0.1 మిల్లీలీటరు. కన్ను ద్రవమట్టానికి సమానంగా లేకపోతే రీడింగ్ మారిపోతుంది. వరుసగా రెండు రీడింగులు కలిసేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఒక్క పూటలో అబ్బే పని కాదిది.

ఈ పనికి మార్కులు ఉదారంగా పడటానికి ఒకప్పుడు బలమైన కారణం ఉండేది. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చేవారు. ఎంపీసీ గ్రూప్ సబ్జెక్టుల 600 మార్కుల్లో 60 ప్రాక్టికల్స్‌వే. పక్క కాలేజీలో 30కి 30 వేస్తుంటే తమ పిల్లలకు 24 వేయడానికి ఏ లెక్చరర్‌కూ చేతులు రాలేదు. తెలంగాణలో 2023లో ఆ వెయిటేజీని పూర్తిగా ఎత్తేశారు. కారణం పోయినా అలవాటు మాత్రం పోలేదు.

రికార్డు మీద ఈ కాలమ్‌కు ఉన్న కోపం పాత పాఠకులకు తెలిసిందే. సీనియర్ దగ్గర రికార్డు తెచ్చుకుని, చేయని ప్రయోగాన్ని చేసినట్టుగా, రాని రీడింగును వచ్చినట్టుగా ఎక్కించి, అట్ట వేసి సంతకం పెట్టించుకునే పనికి మార్కులు దండగని ఇక్కడ ఎన్నోసార్లు రాయడం జరిగింది. దానికి విరుగుడుగా తోచేది ఫలితాన్ని బట్టి మార్కులు వేసే పద్ధతి. ఇచ్చిన ద్రావణం అసలు గాఢత ఎంతో ఎగ్జామినర్‌కు తెలుసు. విద్యార్థి జవాబు దానికి ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు. ఇందులో పక్షపాతానికి చోటు లేదు, చూసి రాసిన పేజీలకు విలువ లేదు. న్యాయమైన కొలమానం ఇదేనని అనిపిస్తుంది. అయితే ల్యాబ్‌లో నేర్చిన పని బయట ఎక్కడ అక్కరకొస్తుందో చూస్తే గాని ఈ కొలమానం నిలుస్తుందో లేదో తేలదు. అందుకు మర్రిగూడ నీళ్లకు మించిన ఉదాహరణ లేదు.

నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి వైద్య పత్రికలో ప్రకటించారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్ధిఖీ వ్యాసం వచ్చింది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. మర్రిగూడ చుట్టుపక్కల బోర్లలో ఫ్లోరైడ్ అంతకు ఎన్నో రెట్లు ఉండేది. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా కొంత విడిపోతుంది. కాల్షియం తక్కువై, బైకార్బొనేట్ ఎక్కువైన నీళ్లలో ఫ్లోరైడ్ కరిగే ఉండిపోతుంది. గార పట్టిన పండ్లు, వంగిన కాళ్లు, బిగుసుకున్న వెన్నెముకలు ఆ నీళ్ల ఫలితమే. ఆ బాధను ఒంటిమీద మోస్తూనే దేశానికి చాటిన శివన్నగూడెం వాసి అంశాల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. మిషన్ భగీరథ పథకంతో నదుల నీళ్లు నల్లాల్లోకి వచ్చాక తాగునీటి కష్టం చాలావరకు తీరింది. భూమిలోని నీళ్లు మాత్రం మారలేదు.

నల్లాలు రాకముందు నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు రూపొందించిన విరుగుడుకు ఈ జిల్లా పేరే పెట్టారు. అదే నల్లగొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలిపి, మడ్డి కిందికి దిగాక పై నీళ్లు వడకట్టుకోవాలి. పటిక ఎంత వేయాలో పట్టిక చూసి తేల్చాలి. అందుకు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎంతో, ఆల్కలినిటీ ఎంతో తెలియాలి. ఆల్కలినిటీ కొలిచేది టైట్రేషన్‌తోనే. ల్యాబ్‌లో పిల్లలు చేసే మిథైల్ ఆరెంజ్ ప్రయోగం లాంటిదే ఇది. వంద మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేస్తే, బ్యూరెట్‌లో ఒక్కో మిల్లీలీటరు లీటరుకు 10 మిల్లీగ్రాముల ఆల్కలినిటీకి లెక్క. రీడింగ్ 35 వస్తే 350 మిల్లీగ్రాములు.

చేయి తిరగని విద్యార్థి ఎండ్ పాయింట్ దాటించి 36 చూశాడనుకుందాం. ఆల్కలినిటీ 360 అవుతుంది. పట్టికలో ఒక గడికీ మరో గడికీ మధ్య సుమారు వంద మిల్లీగ్రాముల ఎడం ఉంటుంది కాబట్టి పటిక మోతాదు పెద్దగా మారదు. అదే, కొలవకుండా 20 అని రాసేసిన చోట లెక్క 200కు పడిపోతుంది. పటిక తక్కువై ఫ్లోరైడ్ నీళ్లలోనే మిగులుతుంది. ఎక్కువ రాస్తే పటిక మోతాదు మించి నీళ్లు పులుస్తాయి, అల్యూమినియం మిగులుతుంది. చేతి పొరపాటుకు ఒక హద్దు ఉంటుంది. కల్పించిన అంకెకు హద్దే ఉండదు.

ఇక్కడే ఫలితాన్ని బట్టి మార్కులు వేసే పద్ధతి తేలిపోతుంది. మార్కు జవాబుకే అయితే విద్యార్థి చూపు బ్యూరెట్ మీద కాకుండా జవాబు మీదే ఉంటుంది. పక్క టేబుల్ వాళ్లకు 19.8 వచ్చిందని తెలిస్తే తనకు వచ్చిన 20.6ను కొట్టేసి 19.8 రాస్తాడు. అసలు గాఢత తెలిస్తే సూత్రంలో వెనక్కి లెక్కగట్టి రీడింగు పుట్టిస్తాడు. ఖచ్చితత్వం నేర్పడానికి పెట్టిన మార్కు దొంగ లెక్క నేర్పుతుంది.

కాబట్టి మార్కుల్లో పెద్ద వాటా పడాల్సింది, ఈ కాలమ్ ఇన్నాళ్లూ తిట్టిన రాతకే. అయితే ఇంట్లో కూర్చుని ఎక్కించే రికార్డుకు కాదు. బ్యూరెట్ పక్కన పెట్టుకుని, రీడింగ్ చూసిన నిమిషంలోనే పెన్నుతో రాసే అబ్జర్వేషన్ బుక్‌కు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, కింది అంకె కనపడేలా ఉంచి, పక్కన సరైనది రాయాలి. ఏ పూటకాపూట లెక్చరర్ సంతకం ఉండాలి. వైవాలో పుస్తకం ప్రశ్నలతో పాటు ఆ పేజీ మీద కూడా అడగాలి: మూడో రీడింగ్ ఎందుకు పెరిగింది, కొట్టేసిన అంకె ఏమిటి, ఎండ్ పాయింట్ ఎలా గుర్తుపట్టావు? చేసిన విద్యార్థి చెప్పగలడు. చేయని విద్యార్థి ఎంత చక్కగా రాసినా చెప్పలేడు. ఫలితం ఖచ్చితంగా వచ్చినవారికి కొన్ని మార్కులు అదనంగా ఇవ్వవచ్చు. ఫలితం తప్పినా ఉన్నది ఉన్నట్టు రాసి, కారణం చెప్పగలిగిన విద్యార్థికి మంచి మార్కులు రావాల్సిందే.

ఈ వారం ఎగ్జామినర్లుగా కూర్చున్న లెక్చరర్లకు ఒక విన్నపం. అందరికీ 30 వేసే ముందు ఒక్కో విద్యార్థి చేత ఒక్క రీడింగ్ అయినా కళ్లెదుట తీయించండి. తీసింది తీసినట్టు రాసిన వారిని మెచ్చుకోండి. రేపు ఊరి నీళ్లు, పొలం మట్టి, ఆస్పత్రిలో రక్తం కొలవబోయేది ఈ పిల్లలే.