నిషిద్ధ ప్రేమ: అనుమతి ఎవరి చేతిలో?

మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల అంచున పెరిగినోళ్లకు చెంచులక్ష్మి కథ కొత్తగాదు. అడవికొచ్చిన నరసింహస్వామి చెంచుల ఆడబిడ్డను మనువాడతాడు. కొండలకవతల అహోబిలంలో పారువేట నాడు చెంచులు ఆయన్ని ఇంటల్లుడంటూనే పల్లకీ మీదికి బాణాలేస్తారు. దాన్ని భక్తి అని రాసేవాళ్లున్నారు. మాకైతే అందులో పిల్లనిచ్చుకున్నోళ్ల కోపం కూడా వినబడుతుంది. 1958లో ఈ కథ సినిమా అయ్యి ఊరూరా ఆడింది.

తెలుగు తెర మీద నిషిద్ధ ప్రేమ చాలావరకు ఈ దారినే నడిచింది. మగవాడు పైనుంచి దిగుతాడు, పిల్ల కిందుంటుంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల'కు కథ చలంది. బ్రాహ్మణ యువకుడు నాగరాజు, మాలపిల్ల శంపాలత. ఆ రోజుల్లో అది సాహసమే, కాదనం. అయితే ఆ కథలో మారాల్సిన మనసు ఎవరిది? సుందరరామశాస్త్రిది. ఆయన మారాలంటే మంటల్లో చిక్కిన ఆయన భార్యను దళిత కుర్రాడు కాపాడాలి. మాలోడు కూడా మనిషేనని శాస్త్రిగారికి తెలిసిరావడానికి ఒకడు నిప్పుల్లో దూకాలన్నమాట!

దిక్కు తిప్పిన కథ కె.విశ్వనాథ్ 'సప్తపది' (1981). ఇక్కడ బ్రాహ్మణ పిల్ల హేమ, వేణువు వాయించే హరిజన యువకుడు హరిబాబు. జాతీయ సమైక్యతకని కేంద్రం అవార్డు కూడా ఇచ్చింది. మనం సంతోషించాలి గదా. కానీ చివరికి మనవరాలిని హరిబాబుకు అప్పగించేది తాత యాజులు. ప్రేమించింది ఇద్దరు, తీర్పు చెప్పింది అగ్రహారం. హరిబాబు చేతికి వేణువిచ్చారు గానీ డప్పివ్వలేదు, గమనించారా?

బతుకులో ఆ తాత రాడు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, వైశ్యుల పిల్లను పెళ్లాడిన దళిత యువకుణ్ణి, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే నరికారు. చంపింది కిరాయి మనిషి. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. 'సప్తపది'కీ ఈ హత్యకూ నడుమ 37 ఏళ్లు. పై కులాన్ని కరిగించే కథలు ఎన్నొచ్చినా, ఆ ఇళ్లల్లో ఎంత కరిగిందో ఇక్కడ తెలిసింది.

అందుకే మా పేచీ ప్రేమతో కాదు, కథ ఎవరింటి ముందు నిలబడి చెబుతున్నారన్న దానితో. కొడుకు ఊరి పిల్లతో వెళ్లిపోయాడని తెలిసిన రాత్రి పల్లెలో తల్లి ఏం చేస్తుంది? దీపమార్పుతుందా, చిన్నపిల్లల్ని తీసుకొని చుట్టాలింటికి పోతుందా? ఊరు పల్లె మీదికొస్తే అడ్డం నిలబడేదెవరు? ఆ ఇంట్లోంచి రాసిన కథ చదవాలనుంది మాకు.