వైద్యశాల వాకిట మాటతీరు

ఆసుపత్రి గడప దాటిన రోగి తన బాధను మొట్టమొదట విన్నవించుకొనునది, ఏండ్ల తరబడి చదివి పట్టము పుచ్చుకొన్న వైద్యునికి గాక, అద్దపు కిటికీకి అవతల కంప్యూటరు ముందు కూర్చుండి పేరు, వయస్సు, ఊరు అడిగి ఓపీ చీటీ చేతికిచ్చు ఉద్యోగికి. ఆ కిటికీ యొద్ద లభించిన ఆదరమో నిరాదరమో రోగి మనస్సున నాటుకొనును. లోపలికి పోయి వైద్యుని యెదుట కూర్చున్నప్పుడు అతడు నోరు విప్పి సర్వము చెప్పునో, సగము చెప్పి సగము మింగుకొనునో చాలవరకు అక్కడనే తేలిపోవును. బంధువులకును ఇరుగుపొరుగు పెద్దలకును తోడుగా ఆసుపత్రులకు పోవుట నాకు చిరకాలముగా అలవాటైన పని. మందుల పేర్లు చదివి చెప్పుటకో, ఫైలు మోయుటకో నన్ను వెంటబెట్టుకొని పోవుదురు గాని, తోడు వెళ్ళినవాని అసలు పని ఆ కిటికీ యొద్దనే కలదనియు, అది శ్రద్ధతో అభ్యసింపవలసిన విద్య యనియు నా దృఢవిశ్వాసము.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. పరిచారకునకు కావలసినవి ఉపచారము తెలిసియుండుట, దక్షత, తాను సేవించు వానియందు అనురాగము, శుచిత్వము. రోగికి కావలసినవి స్మృతి, వైద్యుడు చెప్పినట్లు నడచుకొనుట, భయపడకుండుట, తన బాధను ఎదుటివారికి తెలియజెప్పగలుగుట. నాటి వైద్యశాలలో టోకెన్లును కౌంటర్లును లేకపోవచ్చును గాని, నేటి ఓపీ కౌంటరులోని ఉద్యోగి ఆ మూడవ పాదమున చేరినవాడే యని నేను తలతును. అనురాగమును శాస్త్రకారుడు పైపూతగా చెప్పలేదు. దక్షతతోను శుచిత్వముతోను సమానముగా చికిత్సాంగములలో లెక్కించెను. చేతులు కడుగుకొనని పరిచారకుని మనము సహింపము. కసురుకొను పరిచారకుని మాత్రము, పెద్దాసుపత్రులలో ఇది మామూలే యని ఏల సహింపవలెను?

ఈ కసురుబాటు వలన కలుగు హాని మనస్సు నొచ్చుకొనుటతో తీరునది కాదు. వరుసలో వెనుక నిలుచున్నవారందరును వినుచుండగా ‘ఏం ప్రాబ్లమో గట్టిగా చెప్పమ్మా’ అని గద్దించినప్పుడు, స్త్రీలకు సంబంధించిన బాధతో వచ్చిన యువతి సిగ్గుపడి కడుపునొప్పి యనును. ఆమె చీటీమీద వేరొక విభాగము పేరు పడును. ఒక పూట వృథాయగును. మరుసటి దినము ఆమె రాకయే పోవును. ‘అన్నీ లోపల డాక్టర్నే అడుగు’ అని కౌంటరులో విసుగుకొనగా విని, లోపల వైద్యుని తొందర చూచి, వెలుపల మందుల దుకాణమున గుంపు చూచి, బీపీ మాత్ర అన్నమునకు ముందో తరువాతో ఎవ్వరిని అడుగజాలక ఇంటికి పోయి తనకు తోచినట్లు మింగు వృద్ధుడు మన ప్రతి ఊరిలోను కలడు. రివ్యూకు రమ్మన్న తేదీ దాటిపోయిన పిదప ఎందులకు పోలేదని అడిగినచో, పలువురు ఖర్చుతోపాటు ఆ కిటికీని గూడ తలచుకొందురు. అవమానభయము చేత ఆగిపోయిన చికిత్స ఏ రికార్డులోను కనబడదు గాని, దాని ఫలము దేహమున కనబడక మానదు.

కొంతకాలము క్రిందట మా పెద్దమ్మను మోకాలి నొప్పికై ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకొనిపోతిని. ఆమెకు వినికిడి తక్కువ. ఎక్స్‌రే రుసుము కట్టుటకు నేను వేరొక వరుసలో నిలువబడి తిరిగి వచ్చుసరికి, కౌంటరులోని అమ్మాయి గొంతు హాలంతయు వినబడుచుండెను: ‘ఎన్నిసార్లు పిలవాలి? చెవుడా ఏంటి? నీ నంబరు దాటిపోయింది, ఇంక చివర్లో రా.’ పెద్దమ్మ చీర చెంగు సవరించుకొని, ‘పోనీలే నాయనా, ఇంటికి పోదాం పద’ అనెను. నేను కౌంటరు దగ్గరకు పోయి గొంతు తగ్గించి, ‘అమ్మా, ఆవిడకి నిజంగానే చెవులు వినబడవు. పిలుపు అందలేదు. చెయ్యి ఊపితే లేచి వస్తుంది. ఇప్పుడు లోపలున్నవాళ్ళ తర్వాత పంపించగలరా?’ అంటిని. ఆ అమ్మాయి నా వంక చూచి, ‘ఇంకో అమ్మాయి రాలేదండీ, పొద్దున్నుంచి రెండు కౌంటర్లూ నేనే చూస్తున్నా’ అని, చీటీమీద గుర్తు పెట్టుకొని, తరువాతి వంతులో లోపలికి పంపెను. ‘చెవుడా అన్న మాటకి మాత్రం ఆవిడ చాలా కష్టపెట్టుకుంది’ అని అదే గొంతుతో చెప్పితిని. ఆమె బదులు చెప్పలేదు, నేనును పొడిగింపలేదు.

కఠినవాక్యములోని సంగతిని గ్రహించి కాఠిన్యమును విడిచిపెట్టుట ఈ విద్యలో మొదటి మెట్టు. నిందగా విసరిన మాటలో సమాచారమేదైన నున్నచో దానిని తీసుకొని, కావలసిన దేమో స్పష్టముగా అడిగి, పని జరిగిన పిమ్మట నొప్పి కలిగించిన మాటను నొప్పి కలిగించినదనియే చెప్పవలెను. ముందుగా చెప్పిన అది వాదముగా మారి రోగి వెనుకబడును; అసలే చెప్పకున్న, ఆ మాట మరునాడు మరొక ముదుసలికి తగులును.

అవతలివారి స్థితిని తెలిసికొనుట రెండవ మెట్టు. ఆ కుర్చీలో కూర్చున్నవారిలో అనేకులు ఏజెన్సీల ద్వారా స్వల్పవేతనమునకు కుదిరిన యువతీయువకులు. వైద్యుడు ఆలస్యముగా వచ్చుట వారి చేతిలోనిది కాదు. డిపాజిట్టు ఎంత కట్టవలెనో నిర్ణయించునది వారు కారు. సర్వరు నిలిచిపోయిన అది వారి దోషము కాదు. అయినను వీని ఫలమైన ఆగ్రహమంతయు మొదట వారిమీదనే కురియును. మనస్సులోని భావమును అణచుకొని ముఖమున మరొక భావమును నిలుపుట గూడ ఒక శ్రమయేనని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన పరిచారికల ఉద్యోగమును పరిశీలించి 1983లో వ్రాసిన గ్రంథమున వివరించెను. ఆ శ్రమను ఎట్లు మోయవలెనో మన ఆసుపత్రి కౌంటర్లలో నేర్పించువారు అరుదు. కంప్యూటరులో బిల్లు కొట్టుట నేర్పి కూర్చుండబెట్టుదురు.

మన వైపు నుండి పోవు పరుషవాక్యమునకును ఫలము కలదు. 2015లో ‘పీడియాట్రిక్స్’ అను వైద్యపత్రికలో ప్రకటింపబడిన ఒక ప్రయోగమున, ఇజ్రాయెల్‌లోని నవజాత శిశు చికిత్సా విభాగములకు చెందిన 24 బృందములకు, నెలలు నిండక పుట్టిన శిశువు స్థితి హఠాత్తుగా విషమించినట్లు కల్పించిన సన్నివేశమున చికిత్స చేయవలసినదిగా చెప్పిరి. వానిలో కొన్ని బృందములకు మాత్రము ఒక నిపుణుని చేత, వారి పనితో సంబంధము లేని చులకన మాటలు వినిపించిరి. అంతమాత్రముననే ఆ బృందములు రోగనిర్ణయమునందును చేతిపనియందును వెనుకబడినవి. ఒకరి కొకరు సమాచారము తెలుపుకొనుటయు, సహాయము కోరుటయు తగ్గిపోయినవి. శిక్షణ పొందిన వైద్యబృందముల గతి ఇట్లుండగా, ఉదయము నుండి తిట్లు తినుచున్న కౌంటరు ఉద్యోగి మన చీటీమీద విభాగము పేరు తప్పుగా కొట్టిన ఆశ్చర్యమేమి? వైద్యసిబ్బందిపై దౌర్జన్యమును నివారించుటకు 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రత్యేక శాసనమే చేయవలసివచ్చెననగా, రోగి బంధువుల మాటయు చేయియు ఎంతవరకు పోయినవో గ్రహింపవచ్చును.

ఇక సిఫారసు. కౌంటరులో ఇబ్బంది కలుగగానే జేబులోని ఫోను తీసి, తెలిసిన పెద్దమనిషి చేత లోపలికి చెప్పించుట మనలో గొప్ప నేర్పుగా చెల్లుచున్నది. ఆ నేర్పును నేను మెచ్చను. ఒకరు సిఫారసుతో ముందుకు జరిగినప్పుడెల్ల, తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వచ్చి నిలుచున్న మరియొకరు వెనుకకు జరుగుదురు. అంతకన్నను పెద్ద కీడు మరొకటి కలదు: పలుకుబడి కలవారికి లేచి నిలువబడవలెననియు, లేనివారిని కసురుకొన్నను అడుగువారు లేరనియు ఆ ఉద్యోగికి దినదినమును బోధించుచున్నది మన సిఫారసులే. కిటికీ అవతలి కాఠిన్యమున మన వాటాయును కలదు.

మరి రోగికిని, తోడు పోయినవానికిని సాధనమేది? చరకుడు చెప్పిన రోగి గుణములు నాలుగును ఈ కిటికీ యొద్ద నాకు మిక్కిలి అక్కరకు వచ్చినవి. స్మృతి అనగా నేడు ఒక కాగితము: వాడుచున్న మందులు, పడని మందులు, జరిగిన ఆపరేషనులు, పాత ఓపీ నంబరు అందు వ్రాసియుంచి, రిపోర్టులను తేదీల వరుసన పేర్చుకొని పోవలెను. చెప్పినట్లు నడచుకొనుట యనగా పరగడుపున రమ్మన్న పరగడుపుననే పోవుటయు, ‘రేపు రండి’ అన్నప్పుడు ఎన్ని గంటలకు, ఏ కౌంటరుకు, ఏ కాగితములతో అని అడిగి వ్రాసికొనుటయు.

తెలియజెప్పుట వీనికన్న కష్టమైనది. ‘అర్జంటండీ, సీరియస్సండీ’ అను మాటలు కౌంటరులో గంటకు పదిమంది అందురు. అందుచేత ఆ మాటలకు విలువ పోయినది. ‘అరగంట నుంచి ఛాతీలో నొప్పి, ఒళ్ళంతా చెమటలు’ అనియో, ‘ఎనిమిదింటికి మూతి వంకర పోయింది, కుడిచెయ్యి లేవడం లేదు’ అనియో లక్షణమును, అది మొదలైన సమయమును చెప్పినచో వినువానికి దారి తోచును. మెదడులో గడ్డకట్టిన రక్తమును కరిగించు ఇంజెక్షను సామాన్యముగా లక్షణములు కనబడిన 4½ గంటలలోపల పడవలెను గనుక, అట్టి రోగితో ఓపీ వరుసలో నిలువక నేరుగా క్యాజువాలిటీకి పోవలెను. ప్రమాదమున గాయపడినవానితో పోయినప్పుడు అక్కడ ‘ఇది పోలీసు కేసు, మేం చూడం’ అని ఎవరైన అన్నచో, ప్రభుత్వవైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను లాంఛనముల కొరకు ఆగక ముందు ప్రాణరక్షణ చేయవలెనని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసున చెప్పినదని జ్ఞాపకము చేయవలెను.

భయపడకుండుట అన్నింటికిని పునాది. అది గొంతు పెంచుటచే రాదు, తనకేది చెల్లునో తెలియుటచే వచ్చును. వైద్యసేవలకును వినియోగదారుల రక్షణ శాసనము వర్తించునని 1995లో వి.పి. శాంత కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రోగి కోరిన వైద్యరికార్డులను 72 గంటలలోపల ఇయ్యవలెనని భారత వైద్యమండలి 2002 నియమావళి విధించినది. జాతీయ మానవహక్కుల సంఘము 2018లో సిద్ధపరచిన రోగుల హక్కుల పత్రమున 17 హక్కులు చెప్పబడినవి. వానిలో గోప్యతయు, మానవగౌరవమును, ఫిర్యాదు చేయు హక్కును కలవు. కనుక నలుగురిలో రోగము పేరు అడిగినప్పుడు ‘ఒక్కసారి పక్కకి రండి, చెప్తాను’ అనుట గొంతెమ్మ కోరిక కాదు. ఫిర్యాదు చేయదలచిన, చికిత్స ముగిసిన పిమ్మట తేదీ, సమయము, కౌంటరు, అన్న మాటలు ఉన్నవి యున్నట్లు వ్రాసి సూపరింటెండెంటుకో ఆర్.ఎం.ఓ.కో ఇయ్యవలెను, ఒక్కరే రెండు కౌంటర్లు చూచుచున్నారన్న సంగతి గూడ అందు వ్రాయవలెను. మంచిగా మాటలాడిన ఉద్యోగిని గూర్చియు రెండు పంక్తులు వ్రాసి ఇచ్చుట ధర్మము.

ఆసుపత్రి యజమానులకు నా విన్నపము. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వైద్యపథకము, దారి చూపు మనిషి అవసరమని గుర్తించి ఆరోగ్యమిత్ర యను సహాయకుని ఆసుపత్రిలోనే నియమించినది. ఆ అవసరము కార్డు ఉన్నవారికే గాక వాకిట నిలిచిన ప్రతివానికిని కలదు. కౌంటరు ఉద్యోగికి తగిన జీతము, పనిమధ్య విశ్రాంతి, మాటలో శిక్షణ, కోపిష్ఠి యెదురైనప్పుడు వెనుక నిలుచు పైయధికారి, ఇవన్నియు చికిత్సవ్యయముననే చేరవలెను.

చదువరులకును ఒక మాట. మాటనేర్పు కలవాడు తన చీటీ తాను తీసికొని పోయినంత మాత్రమున ఆ నేర్పు సార్థకము కాదు. వెనుక నిలుచున్న ముసలివానికి కౌంటరులోనివారు చెప్పినది అర్థము కాలేదని తెలిసినప్పుడు ఒక నిమిషము ఆగి, ఆ మాటను అతనికి విప్పి చెప్పి, అతని బాధను లోపలివారికి అందించిననాడు, చికిత్సయందలి మూడవ పాదము మనచేత కొంత నిలువబడును. వైద్యుడు కానివాడును రోగికి చేయదగిన చికిత్స అది.