గిటార్ వెనక పియానో

చక్ బెర్రీ ‘జానీ బి. గుడ్’ ఇంట్రో నేర్చుకోవడానికి ఓ మోస్తరు గిటారిస్టుకి రెండు వారాంతాలు చాలు. యూట్యూబ్‌లో కావలసినన్ని పాఠాలున్నాయి, ట్యాబ్ దొరుకుతుంది, స్పీడు సగానికి తగ్గించుకుని వినొచ్చు. ఇంట్రో అయిపోయి పాట మొదలయ్యాక, గిటార్ వెనక్కి తగ్గి రెండు లావు తీగల మీద ఒకే నమూనాని రెండు నిమిషాలకి పైగా కొట్టుకుంటూ పోవాలి చూడండి, అసలు పాట అక్కడుంది. చాలా కవర్ బ్యాండ్లు పాటని పోగొట్టేదీ అక్కడే.

నేను వారాంతాల్లో ఒక కవర్ బ్యాండ్‌లో రిథమ్ గిటార్ వాయిస్తాను. మేం వాయించేవాటిలో సగం 1955కీ 1965కీ మధ్యవి. ‘కవర్’ అనగానే పుస్తకాలు చదివే స్నేహితులు కూడా కాస్త జాలిగా చూస్తారు, సొంతంగా రాయలేనివాళ్ళ కాలక్షేపం అన్నట్టు. త్యాగరాజ కృతి పాడేవాళ్ళని మాత్రం ఎవరూ కవర్ ఆర్టిస్టులనరు. ‘పాండవోద్యోగ విజయాలు’లో రాయబారం పద్యాలు పీసపాటి పాడితే ఒక కృష్ణుడు, షణ్ముఖి ఆంజనేయరాజు పాడితే ఇంకో కృష్ణుడు. పద్యం కంఠతా వచ్చినవాళ్ళే ముందు వరసలో కూర్చుని ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్ళు. పాఠాంతరం, బాణీ అనే మాటలు చేతిలో పెట్టుకుని ఈ చిన్నచూపు ఎందుకో నాకర్థం కాదు.

పాత పాటని వాయించడమంటే దాన్ని చదవడం. ఏ చదువైనా కొంత వదిలేస్తుంది, ఆ వదిలేసినదాన్ని పట్టుకుంటే చదివినవాడి అభిప్రాయం తెలిసిపోతుంది. చక్ బెర్రీ విషయంలో గిటార్ బ్యాండ్లన్నీ దాదాపు ఒకేదాన్ని వదిలేస్తాయి. పియానోని.

ఇది చేతిలోనే కనిపిస్తుంది. ఆ రెండు తీగల నమూనా గిటార్‌ది కాదు. బూగీ-వూగీ పియానిస్టుల ఎడమచేయి అది. ఆధార స్వరాన్ని కింద అలాగే ఉంచి, పైన ఐదో స్వరం, ఆరో స్వరం మార్చి మార్చి నొక్కుతూ ఊగడం. పియానో మీద అరచేయి అటూ ఇటూ ఒరిగితే సరిపోతుంది. గిటార్ మీద, అందులోనూ ఈ పాట ఉన్న బీ ఫ్లాట్‌లో, చూపుడువేలు ఆరో ఫ్రెట్ మీద బిగించి చిటికెనవేలిని పదో ఫ్రెట్ దాకా చాచాలి. ప్రతి బార్‌లోనూ. రెండో చరణానికి ముంజేయి మంటెత్తుతుంది. అందుకే చాలామంది పాటని అరమెట్టు దించి ఏ లోకి తెచ్చుకుంటారు. అక్కడ కింది స్వరానికి ఖాళీ తీగ దొరుకుతుంది, ఒక వేలితో పని అయిపోతుంది. గాయకుడికీ సుఖం. తప్పేం కాదు, కానీ ఖాళీ తీగ మోత వేరు, వేలితో అదిమి పట్టిన తీగ మోత వేరు. బీ ఫ్లాట్‌లో ఆ నమూనా పొట్టిగా, కండపట్టి వినిపిస్తుంది. ఏ లో గలగలమంటుంది.

అసలు గిటారిస్టు రాసుకున్న పాట బీ ఫ్లాట్‌లో ఎందుకుంది? ఇక్కడికి జానీ జాన్సన్ వస్తాడు. 1952 చివరి రాత్రి, సెయింట్ లూయిస్‌లో తన బృందంలోని శాక్సోఫోనిస్టుకి ఒంట్లో బాగాలేకపోతే, జాన్సన్ ఆ ఖాళీలోకి చక్ బెర్రీని పిలిచాడు. అంటే బెర్రీ మొదట జాన్సన్ బ్యాండ్‌లో బదిలీ మనిషి. 1955లో ‘మేబెలీన్’ రికార్డయినప్పుడు పియానో దగ్గర ఉన్నది జాన్సనే. 1986లో బెర్రీ అరవయ్యో పుట్టినరోజు కచేరీని టేలర్ హాక్‌ఫర్డ్ ‘హెయిల్! హెయిల్! రాక్ ఎన్ రోల్’గా తీస్తున్నప్పుడు, ఆ బ్యాండ్‌ని కూర్చిన కీత్ రిచర్డ్స్ జాన్సన్‌ని వెతికి తెచ్చుకున్నాడు. అప్పటికి ఆయన బస్సు నడుపుకుంటున్నాడు. బెర్రీ పాటలన్నీ పియానోకి అనువైన శ్రుతుల్లో ఉన్నాయి, గిటార్ శ్రుతుల్లో కాదు, కాబట్టి ఆ బాణీల్లో జాన్సన్ వాటా పెద్దదే అన్నది కీత్ వాదన.

నాకీ వాదన సగమే నచ్చుతుంది. బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్ పియానో సొత్తేమీ కాదు, ఊదే వాద్యాలకీ అవే సొంతూళ్ళు. బెర్రీ చెవి పెరిగింది లూయిస్ జోర్డాన్ లాంటి శాక్సోఫోన్ నాయకుల బ్యాండ్ల మధ్య. పైగా ఆ మాటలు, ఆ కథ చెప్పే వేగం పూర్తిగా బెర్రీవి, వాటిలో ఎవరికీ వాటా లేదు. అయినా శ్రుతి ఎవరిదన్నది పక్కన పెట్టి ఆ రికార్డులు వినండి. గిటార్‌కీ గొంతుకీ మధ్య ఖాళీ దొరికిన చోటల్లా కుడివైపు పియానో మెట్ల మీద ఓ చెయ్యి పరిగెడుతూనే ఉంటుంది. 2000లో జాన్సన్ యాభైకి పైగా పాటల్లో తనకీ రచయితగా హక్కుందని కోర్టుకెక్కాడు. చాలా ఏళ్ళు గడిచిపోయాయన్న కారణంతో 2002లో కేసు కొట్టేశారు. వాటా ఎంతో కోర్టు తేల్చలేదు, ఆలస్యమైందని మాత్రం తేల్చింది.

ఇంకో విచిత్రం. ‘జానీ బి. గుడ్’లో ‘జానీ’ జాన్సన్ పేరు నుంచి వచ్చిందే. కానీ 1958 నాటి ఆ రికార్డు మీద పియానో వాయించింది ఆయన కాదు, లఫాయెట్ లీక్.

శ్రుతి కన్నా పెద్ద గొడవ నడకది. ట్యాబ్ చూసి నేర్చుకున్నవాళ్ళకి ఇది ఎందుకు అందదో చెప్తాను. ఇంటర్నెట్‌లో దొరికే మామూలు ట్యాబ్ ఒక టెక్స్ట్ ఫైల్. ఆరు గీతలు, వాటి మీద అంకెలు. ఏ తీగని ఎక్కడ నొక్కాలో ఉంటుంది, ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఉండదు. రాక్ అండ్ రోల్ మొత్తం ఆ ‘ఎప్పుడు’లోనే ఉంది. మన లెక్కలో చెప్పాలంటే, చెస్ స్టూడియోలో డ్రమ్స్ మీద ఫ్రెడ్ బిలో, బేస్ మీద విల్లీ డిక్సన్ జాజ్, బ్లూస్ వాయించి పెరిగినవాళ్ళు. వాళ్ళ దెబ్బ తిశ్రం వైపు ఒరుగుతుంది, మొదటి సగం సాగి రెండో సగం కురచవుతుంది. బెర్రీ కుడిచేయి మాత్రం చతురశ్రంలో, రెండు సగాలనీ సమానంగా కోసుకుంటూ పోతుంది. ఇద్దరూ ఒకరికొకరు లొంగరు. పాట పరిగెడుతున్నట్టూ, అదే సమయంలో నడుము ఊపుతున్నట్టూ అనిపించేది ఈ రాపిడి వల్లే.

తర్వాతి తరం డ్రమ్మర్లు గిటార్ వైపుకి వచ్చేశారు, అందరూ చతురశ్రమే. దానికే రాక్ అని పేరు మిగిలింది. ఆ అలవాటుతో వెనక్కెళ్ళి 1958 పాట వాయిస్తే రోల్ పోయి రాక్ ఒక్కటే ఉంటుంది. (పబ్బుల్లో ఈ తేడా ఎవరికీ పట్టదంటారు. డ్యాన్స్ చేసేవాళ్ళ మోకాళ్ళకి పడుతుంది, నేను చూశాను.)

వదిలేయడమంటే ఎప్పుడూ నష్టమని కాదు. 1970లో బర్కిలీలో జిమీ హెండ్రిక్స్ వాయించిన ‘జానీ బి. గుడ్’ వినండి. ముగ్గురే మనుషులు, పియానో లేదు, ఊగడానికి తీరిక లేనంత వేగం. కానీ ఖాళీ చేసిన ప్రతి అంగుళాన్నీ ఆయన తన గిటార్ అరుపులతో నింపాడు. ఏం తీసేస్తున్నాడో తెలిసి తీసేసినవాడి చదువు అది. 1983లో పీటర్ టాష్ ఇంకా ముందుకెళ్ళాడు. పాటని రెగేలోకి మార్చి, కథని లూయిజియానా నుంచి జమైకాకి తరలించాడు. ఒక నల్లజాతి కుర్రాడి కథని ఇంకో నల్లజాతి దేశానికి తీసుకెళ్ళడం అన్నది నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఎందుకంటే తాను మొదట నల్ల కుర్రాడు అనే రాశానని, రేడియోలో నడవాలని దాన్ని పల్లెటూరి కుర్రాడిగా మార్చానని బెర్రీ ఆత్మకథలో చెప్పుకున్నాడు. పాటలో మొదటి కోత వేసింది పాట రాసినవాడే. పాతికేళ్ళ తర్వాత టాష్ ఆ కోతని ఇంకో దారిలో పూడ్చాడు.

మన తరంలో చాలామందికి ఈ పాట తెలిసింది మాత్రం ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ నుంచే. ఆ సీన్ నాకు చిన్నప్పుడు ఎంత ఇష్టమో, ఇప్పుడు అంత ఇబ్బంది. 1985 నుంచి 1955కి వెళ్ళిన తెల్లకుర్రాడు స్టేజీ మీద ఆ పాట వాయిస్తుంటే, మార్విన్ బెర్రీ అనే పాత్ర తన చుట్టం చక్‌కి ఫోన్ చేసి వినిపిస్తాడు. జోకుగా తీసుకోమంటారు. (ఆ కుర్రాడి చేతిలోని గిటార్ మోడల్ 1955 నాటికి పుట్టనే లేదు, అదీ జోకే అనుకుందాం.) కానీ ఆ జోకు ప్రకారం ఇంట్రోని ఎవరూ కనిపెట్టలేదు, అది కాలంలో గుండ్రంగా తిరుగుతోంది. నిజానికి దానికి ఒక మనిషి ఉన్నాడు. 1946లో లూయిస్ జోర్డాన్ బృందం చేసిన ‘ఏంట్ దట్ జస్ట్ లైక్ ఎ ఉమన్’ పాట మొదట్లో కార్ల్ హోగన్ వాయించిన గిటార్ వినండి, కొన్ని క్షణాలు అదే ఇదా అని తడబడతారు. బెర్రీ హోగన్ పేరు దాచలేదు. ఆ స్వరాలని తీసుకుని, రెండేసి తీగలు కలిపి మోగించి, వేగం పెంచి, తన కథకి గుమ్మంగా పెట్టుకున్నాడు. అదీ చదువే, గొప్ప చదువు.

బెర్రీ తన పాటలకి తానే నిర్లక్ష్యపు పాఠకుడన్నది కూడా చెప్పాలి. ఏళ్ళ తరబడి ఒక్క గిటార్ పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. ఏ ఊళ్ళో ఆ ఊరి బ్యాండే వెనక వాయించాలి, రిహార్సల్ ఉండదు. కుర్రాడిగా అలా వాయించిన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ హాక్‌ఫర్డ్ సినిమాలో చెప్తాడు, ఏ పాటలు వాయిద్దామని అడిగితే చక్ బెర్రీ పాటలే అన్నాడట! కూలికి వచ్చిన కుర్రాళ్ళకి పియానో సంగతులు, బిలో నడక ఎవరు చెప్తారు? అదే సినిమాలో ‘కెరోల్’ పాట మొదట్లో ఒక్క తీగ లాగడం గురించి కీత్ రిచర్డ్స్‌ని మళ్ళీ మళ్ళీ ఆపి సరిదిద్దుతాడు బెర్రీ. ఆ పట్టుదల పియానో విషయంలో చూపించి ఉంటే బాగుండేది.

మా బ్యాండ్‌లో ఇన్నాళ్ళూ పియానో లేదు. డ్రమ్మర్‌ని తిశ్రం వదలొద్దని బతిమాలుకుంటాం, లీక్ వాయించిన తునకలు కొన్నింటిని రెండో గిటార్ పై తీగల మీద వాయిస్తుంది. మా గాయకుడికి ఇప్పటికీ ఏ లోనే పాడాలని ఉంది, నాకు లేదు. పోయిన నెల సికింద్రాబాద్‌లో ఒక చర్చిలో కీబోర్డ్ వాయించే అమ్మాయి ట్రయల్‌కి వచ్చింది. శ్రుతి బీ ఫ్లాట్ అని కాస్త మొహమాటంగానే చెప్పాను. ‘హాయిగా ఉంటుందన్నా, ఏ అయితేనే నాకు చేతులు తిరగవు’ అంది.