పక్కవాద్యం ముందుకొస్తే

సంగీత కచేరీల సమీక్షల్లో మనం అలవాటుగా రాసే వాక్యం ఒకటుంది: పక్కవాద్య సహకారం చక్కగా అమరింది. తిరుపతి కచేరీల గురించి రాసేటప్పుడు నేనూ ఎన్నిసార్లు రాశానో! డేవ్ హాలండ్, బార్ ఫిలిప్స్ అనే ఇద్దరు జాజ్ వాద్యకారులు 1971లో వెలువరించిన 'మ్యూజిక్ ఫ్రమ్ టూ బేసెస్' రికార్డు విన్న తర్వాత ఆ వాక్యంలోని అహంకారం నాకు తెలిసొచ్చింది.

బేస్ అంటే మనిషెత్తు వయొలిన్ అనుకోండి. నాలుగు లావుపాటి తీగలు. ట్రంపెటో శాక్సఫోనో ముందు నడుస్తుంటే వెనక నిలబడి లయనూ ఆధార స్వరాన్నీ మోయడం దాని పని. మోత దీనిది, పేరు ముందున్న వాడిది. 1939లో డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో చేరిన జిమ్మీ బ్లాంటన్ ఆ మోతపనికి మాట నేర్పాడు. 1942లో, ఇరవై మూడేళ్ళకే, క్షయతో పోయాడు. ఆ నల్లజాతి యువకుడు తెరిచిన దారినే ఈ ఇద్దరు తెల్లవాళ్ళు నడిచారన్న సంగతి, రికార్డును మెచ్చుకునేటప్పుడు మరవకూడదు.

మన దగ్గర దీనికి చుట్టం డోలు. గుళ్ళో, పెళ్ళిలో రెండు నాదస్వరాల వెనక రెండు డోళ్ళు. చిత్తూరులో ఒక పెళ్ళిలో నాదస్వరాలు ఆగాయి. ఒక చేతి వేళ్ళకు తొడుగులు, రెండో చేత పుల్ల. ఇద్దరు డోలు విద్వాంసులు ఒకరి జతికి ఒకరు బదులిస్తూ అందుకున్నారు. సరిగ్గా అప్పుడే జనం పంక్తికి లేచారు. నేను కూర్చునే ఉంటే, వాళ్ళలో పెద్దాయన వాయిద్యం దించి, "ఏం సార్, అన్నానికి పోలేదా?" అని ఆశ్చర్యంగా అడిగాడు. కచేరీల్లో తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచేదీ మనమే. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గురువు కాంచీపురం నాయనా పిళ్ళై కచేరీల్లో లయవాద్యాల వరస ఎంత పొడవో ప్రసిద్ధమే. అక్కడా తని అన్నది గాయకుడు ఇచ్చే సెలవే.

ఈ రికార్డులో సెలవిచ్చే వాడు లేడు. ఒకరు కింద నిలిచి మోస్తే రెండోవారు పైకి వెళతారు. కాసేపటికి, ఎవరూ సైగ చేయకుండానే, చోట్లు మారతాయి. "మాటల్లేవు, పట్టుకుందామంటే పాట లేదు. ఇందులో ప్రజలెక్కడ?" అని ఒక మిత్రుడు నిలదీశాడు. వస్తువును మాటల్లోనే వెతకడం మన విమర్శకు పాత జబ్బు. శ్రమను ఎలా పంచుకోవాలన్నదే ఇక్కడ వస్తువు.

అయితే రికార్డంతా నాకు సమ్మతం కాదు. ఇద్దరూ కమాను పట్టి ఒకేసారి పైస్థాయికి ఎగబాకినప్పుడు బేస్ తన గొంతు వదిలేసి వయొలిన్ కావాలని ఆరాటపడుతున్నట్టుంటుంది. పైకొచ్చినవాడు కింద ఉన్నవాళ్ళ భాష మరచిపోవడం మన కథల్లోనూ చూస్తున్నదే. తీగ వేళ్ళతో మీటినప్పుడు, ఆ కర్ర బొంగురుగా పలికినప్పుడు మాత్రం చిత్తూరు డోళ్ళే గుర్తొచ్చాయి.