శామీర్‌పేట బండలు, జపాన్ మేఘాలు

యానిమేషన్ చదివే విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు ఓ పది వరసగా చూడండి. ముందు గుర్తుపట్టేది ఆకాశాన్ని. ముదురు నీలం, అందులో పత్తి కుప్పపోసినట్టు తెల్లటి మేఘాలు, కింద పచ్చిక, పచ్చిక మీద గాలి. గీసినవాళ్ళది మేడ్చలో, మదురైయో చెప్పలేం. ఇంకో నాలుగైదింట్లో పెద్ద కళ్ళు, నున్నటి బుగ్గలు, పిక్సర్ వెలుతురు. చేతిపనిలో లోటేం లేదు. గీత కుదిరింది, రంగు కుదిరింది. కానీ వీళ్ళు ఏం చూసి గీశారు అని అడిగితే, ఇంకెవరో గీసిన బొమ్మ చూసి అన్న జవాబే వస్తుంది.

'నా స్టైల్ ఏది?' అన్నది ఆ వయసులో అందరినీ తినేసే ప్రశ్న. 2025 మార్చిలో దానికి ఇంకో ముల్లు మొలిచింది. చాట్‌జీపీటీకి ఫోటో ఇస్తే గిబ్లీ బొమ్మ చేసిచ్చింది. పెళ్ళి ఫోటోలు, పిల్లల ఫోటోలు, నాయకుల ఫోటోలు, ఎవరి ఫోన్ తెరిచినా అవే. ఏళ్ళు పెట్టి నేర్చుకునే పైపూత క్షణాల్లో వచ్చేస్తుంటే, నాలుగేళ్ళ ఫీజు కట్టిన విద్యార్థికి మిగిలేదేంటి?

ఉంది. అదేంటో తెలియాలంటే ముందు ఆ మేఘాలు ఎక్కడివో అడగాలి.

'మై నైబర్ టొటోరో' 1988లో వచ్చింది. దర్శకుడు హయావో మియజాకీ, నేపథ్య చిత్రాలకు కళా దర్శకుడు కజువో ఓగా. అందులోని అడవీ పొలాలూ ఏదో కలల దేశం అనుకుంటాం. అది టోక్యో శివారు. మియజాకీ ఉండే తొకొరొజావా, దాన్నానుకుని ఉన్న సయామా గుట్టలు ఆ బొమ్మలకు ఆధారం. సినిమా నాటికే ఆ పక్కన ఇళ్ళు పెరిగిపోతున్నాయి, చెట్లు పోతున్నాయి. 1990లో కొందరు పౌరులు ఆ గుట్టల్లో నేల కొని కాపాడటానికి ఒక నిధి మొదలుపెట్టి దానికి టొటోరో పేరే పెట్టుకున్నారు. అంటే మనం స్వర్గమనుకుని కాపీ కొడుతున్న ఆ పచ్చదనం, కొందరు తమ ఊరి అంచున చేజారిపోతున్నదాన్ని దగ్గరగా చూసి గీసింది. ఆ మేఘాల్లోని తేమ జపాన్ ఎండాకాలానిది.

ఊరి అంచు, చేజారిపోతున్న నేల. మేడ్చల్, శామీర్‌పేటల్లో ఉంటూ ఈ రెండింటికోసం జపాన్ దాకా పోవాలా?

శామీర్‌పేట చుట్టూ ఉన్న బండలే తీసుకుందాం. దక్కన్ గ్రానైట్, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి గానీ ఎవరూ పేర్చలేదు. భూమి లోపల ఉన్నప్పుడే పగుళ్ళ వెంట నీళ్ళు దిగి, మూలలు అరిగి గుండ్రబడి, పైమట్టి కొట్టుకుపోయాక బయటపడ్డాయి. ఇది తెలిసినవాడు గీసే బండ వేరు. అది గాల్లోంచి వచ్చి కూర్చున్నట్టుండదు, నేల దిగిపోతే అక్కడే మిగిలిపోయినట్టుంటుంది. దాని పక్కనే డ్రిల్లు రంధ్రాలతో సగం కోసిన ఇంకో బండ. దాని వెనక వెంచర్ జెండాలు, ప్లాట్ల హద్దురాళ్ళు, ఒకప్పుడు ద్రాక్ష పండిన నేల, రింగ్ రోడ్డు మీద లారీలు. మే నెల మిట్టమధ్యాహ్నం ఇక్కడి ఆకాశం నీలంగా ఉండదు, తెల్లబోయి ఉంటుంది. నీడ కాళ్ళ కిందికి ముడుచుకుపోతుంది. ఇక్కడ పిక్సర్ మెరుపు అతకదు. కంటికి నిజంగా కనపడే రంగులు నాలుగో ఐదో. ఆ నాలుగైదుతో సరిపెట్టుకోవాలనుకున్న రోజు స్టైల్ మొదలైనట్టు.

ఎందుకంటే స్టైల్ అంటే కొన్ని నిర్ణయాలు. ఏది వదిలెయ్యాలి, దేన్ని సాగదియ్యాలి, ఎక్కడ ఆగాలి. బాపు (1933–2014) బొమ్మనే చూడండి. చాలామంది ఆ ముక్కునీ, కళ్ళనీ, వాలుజడనీ పట్టుకున్నారు. బాపు వదిలేసిన ఖాళీని పట్టుకున్నవాళ్ళు తక్కువ. ఒక్క వంపులో నడుమునీ, విసుగునీ రెండింటినీ చెప్పి పక్కన తెల్లకాగితం అలాగే ఉంచెయ్యడం ఆయన నిర్ణయం. అనుకరణలో మొదట పోయేది అదే.

యానిమేషన్‌కి వచ్చేసరికి ఈ నిర్ణయాల్లో సగం కదలికకు సంబంధించినవి. ఇసావో తకహటా 2013లో తీసిన 'ద టేల్ ఆఫ్ ద ప్రిన్సెస్ కగుయా'లో ఒక పరుగు ఉంది. విందులో అవమానం పడ్డ అమ్మాయి బయటికి పరుగు తీస్తుంది. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న గీత చిందరవందర అవుతుంది, ముఖం గీతల్లో కరిగిపోతుంది. ఆ కొన్ని క్షణాలు గీతే కోపం. ఒక్క ఫ్రేమ్ ఆపి ప్రింట్ తీస్తే పిచ్చిగీతల్లా ఉంటుంది. ఫోటోకి పూసే ఏ ఫిల్టర్‌కీ ఇది అందదు, ఎందుకంటే ఆ శైలి ఉన్నది ఒక గీతకీ తర్వాతి గీతకీ మధ్య. ఇదే తకహటా 1999లో, 12వ శతాబ్దపు జపాన్ చుట్టపటాల్లో యానిమేషన్ లక్షణాలు చూపిస్తూ ఒక పుస్తకం రాశాడు.

చుట్టపటాలు మనకూ ఉన్నాయి. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి సిద్దిపేటకు తీసుకెళ్తుంది, చేర్యాల ఆ జిల్లాలోనే. ఖద్దరు మీద చింతగింజల గుజ్జు, సుద్ద, జిగురు పూసి, ఎర్రటి నేపథ్యంలో నకాషీలు గీసే పటం 3 అడుగుల వెడల్పు ఉంటుంది, పాతకాలపు పటాలైతే 40 అడుగులు దాటే పొడవు. కథకుడు దాన్ని వేలాడదీసి, చుట్ట విప్పుతూ, ఏ ఘట్టం చెప్తుంటే ఆ ఘట్టం చూపిస్తాడు. బొమ్మలు కదలవు. కదిలేది గుడ్డ, కథకుడి చెయ్యి, గొంతు.

చేర్యాల పేరుతో చేసే చాలా స్టూడెంట్ ఫిల్ములు తప్పటడుగు వేసేది ఇక్కడే. పటంలోని మనిషిని కత్తిరించి, కీళ్ళు పెట్టి, కంప్యూటర్లో నడిపిస్తారు. 1981 నాటి 'ద ఇల్యూజన్ ఆఫ్ లైఫ్' పుస్తకంలోని డిస్నీ సూత్రాలు దానికి తగిలిస్తారు. పక్కకు తిరిగి నిలబడటానికి పుట్టిన ఆ మనిషి రబ్బరులా సాగుతాడు. పైకి అంతా తెలంగాణ, లోపల నడక కాలిఫోర్నియాది. గిబ్లీ ఫిల్టర్‌కీ దీనికీ తేడా తక్కువ. అక్కడ అరువు తెచ్చింది మేఘం, ఇక్కడ ఎర్ర రంగు. పటం నుంచి నేర్చుకోవాల్సింది దాని కాలం: బొమ్మ ఎంతసేపు కదలకుండా ఉండొచ్చు, గొంతు ఎక్కడ పని చేస్తుంది, తర్వాతి ఘట్టాన్ని ఎంతసేపు దాచి ఉంచొచ్చు.

సిద్దిపేటలోనే పుట్టిన కాపు రాజయ్య (1925–2012) ఈ పని రంగుల్లో చేసి చూపించాడు. నకాషీ నుంచి చదునైన రంగు, గట్టి గీత తీసుకున్నాడు. గీసింది మాత్రం తన కళ్ళెదుటి బోనాలు, బతుకమ్మలు. నీనా సబ్నానీ 2009లో తీసిన 'టాంకో బోలే ఛే' ఇంకో దారి. కచ్‌లో కుట్టుపని చేసే కళాకారులు తమ వలస కథ తామే చెప్తారు, వాళ్ళ అతుకుపనే తెర మీద బొమ్మవుతుంది. అక్కడ కళ అరువు సరుకు కాదు, చేసినవాళ్ళ గొంతుతో సహా వచ్చింది.

ఇదంతా బాగానే ఉంది, ఉద్యోగం మాటేమిటి అంటారా? న్యాయమైన ప్రశ్న. 2001లో హైదరాబాద్‌లో మొదలైన గ్రీన్ గోల్డ్ 2008లో 'ఛోటా భీమ్'ను టీవీకి తెచ్చింది. భీముడి గుండ్రటి తల, నారింజ పంచె పెద్ద బృందం ఏళ్ళ తరబడి ఒకేలా గీయడానికి చేసుకున్న ఒప్పందం. టీవీ సీరీస్ నడవాలంటే అది తప్పదు, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. ఆ ఒప్పందానికి ధర మాత్రం ఉంది: ఢోలక్‌పూర్ గుట్టలు ఏ రాష్ట్రానివో చెప్పలేం. స్టూడియోలో చేరినవాళ్ళు రేపు ఇంకొకరి గీతలోనే గీయాలి. సొంత చూపు కోసం వెతుక్కునే వీలు ఎక్కువగా ఉండేది కాలేజీ రోజుల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే మన పిల్లలు అడ్వాన్సుగా ఇంకొకరి గీత ప్రాక్టీసు చేస్తున్నారు. ఇందులో నష్టం వాళ్ళొక్కరిదే కాదు. ఈ బండలు ఇంకో పదేళ్ళకి ఎన్ని మిగులుతాయో తెలీదు. ఇవి కంకరగా మారుతున్నప్పుడు ఇక్కడ కూర్చుని గీయగలిగినవాళ్ళు వీళ్ళే.

కాబట్టి షోరీల్‌లో జపాన్ మేఘాలు ఉండనివ్వండి, ఉద్యోగానికి అవి పనికొస్తాయి. దాని చివర ఓ ముప్పై సెకన్లు మాత్రం శామీర్‌పేట చెరువు కట్ట మీద మధ్యాహ్నానికి కేటాయించండి. నాలుగు రంగులు, ఒక బండ, దూరంగా ఒక జేసీబీ. అందులో ఏది కదలాలి, ఏది కదలకూడదు అన్నది మీరే తేల్చుకోవాలి. ఆ నిర్ణయం ఏ ఆప్‌లోనూ దొరకదు.