సరస్సంటే ఒడ్డే

బొమ్మల సైన్యాలతో బల్లమీద యుద్ధాలు ఆడేవాళ్లం కొండలకిచ్చే విలువ నీళ్లకివ్వం. కొండకు మట్టి, గడ్డి, రాళ్లు ఓపిగ్గా అతికిస్తాం. సరస్సు అనేసరికి నీలం గుడ్డముక్క పరిచేస్తాం. నాకది నచ్చదు. కొన్ని పోరాటాల్లో గెలుపోటములు తేల్చింది సరస్సే.

క్రీ.పూ. 217లో ఇటలీలోని ట్రాసిమెనో సరస్సు పక్కన జరిగింది అలాంటి పోరే. ఉత్తరాన కొండలు, దక్షిణాన నీళ్లు, నడుమ ఇరుకు దారి. కార్తేజ్ సేనాని హన్నిబాల్ రాత్రికి రాత్రే తన బలగాన్ని కొండల్లో దాచాడు. తెల్లవారి పొగమంచులో రోమన్ కాన్సల్ ఫ్లమీనియస్ తన సేనను బారుగా ఆ దారిలోకి నడిపించాడు. పైనుంచి దాడి మొదలయ్యాక రోమన్లకు తప్పుకునే చోటు లేదు. ఫ్లమీనియస్‌తో పాటు సుమారు 15,000 మంది చనిపోయారు. పీకల్లోతు నీళ్లలోకి దిగినవాళ్లను కూడా గుర్రపుదళం వదల్లేదని ప్రాచీన చరిత్రకారులు పాలిబియస్, లివీ ఇద్దరూ రాశారు.

సుమారు 128 చదరపు కిలోమీటర్ల సరస్సు ఏ బల్లమీదా పట్టదు. మనకు కావలసింది దాని ఒడ్డు. గుండ్రటి సరస్సు చేసి బల్ల మధ్యలో పెడితే అది అలంకారంగా మిగిలిపోతుంది. ట్రాసిమెనో బల్ల అంచు పొడవునా పరుచుకోవాలి. ఆరడుగుల బల్లకు రెండడుగుల ముక్కలు మూడు కోసి, ప్రతి ముక్క రెండు కొసల్లోనూ నీటి వెడల్పు సమానంగా ఉంచితే దేని పక్కన దేన్నయినా చేర్చొచ్చు. ఆనాటి ఒడ్డు సరిగ్గా ఎక్కడుండేదో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కాబట్టి మధ్యలో వంపులు మన ఇష్టం.

అడుగుభాగానికి 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క చాలు. ఒడ్డు అంచును కత్తితో చెక్కి, ఉప్పుకాగితంతో ఏటవాలుగా రుద్దాలి. నిటారుగా వదిలేస్తే అక్కడ నిలబెట్టిన బొమ్మలు ఒరిగిపోతాయి. ఫెవికాల్‌లో జల్లించిన ఇసుక కలిపి గట్టు తీర్చాలి. తడి ఒకవైపే తగిలితే ఎండీఎఫ్ వంకర పోతుంది, అందుకని అడుగువైపు కూడా రంగు పూయాలి.

ఇక నీళ్ల రంగు. ఆకాశనీలం జోలికి పోవద్దు. ట్రాసిమెనో విశాలమైనదే గానీ లోతు ఆరేడు మీటర్లు దాటదు. అలాంటి నీళ్లకు ఆకుపచ్చ, బురద రంగు నప్పుతాయి. లోపలివైపు ముదురు ఆకుపచ్చలో కాస్త నలుపు, ఒడ్డుకు వచ్చేకొద్దీ ఇసుక రంగు వేసి, రెండూ తడిగా ఉండగానే కుంచెతో కలిపేయాలి. ఒడ్డు వెంట ఆ లేత రంగు పట్టీని ఒక దళం నిలబడేంత వెడల్పు ఉంచుతాను. అందులోకి దిగిన కాల్బలం సగం వేగంతోనే కదలాలి, ముదురు రంగులోకి ఎవరూ పోకూడదు. ఇక నియమాల పుస్తకం తిరగేసే పనే లేదు, రంగు చూస్తే తెలిసిపోతుంది. అందానికి వేసిన రంగే ఆటకు నియమం కావడం నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టం.

తళతళ కోసం చాలామంది రెజిన్ పోస్తారు. నిజమే, లోతు అద్భుతంగా కనిపిస్తుంది. కానీ అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఒకేసారి మందంగా పోస్తే పగలొచ్చు, ఖర్చూ ఎక్కువే. మెరిసే వార్నిష్‌ను పలుచటి పూతలుగా, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి వేస్తే ఇలాంటి లోతులేని సరస్సుకు సరిపోతుంది. చిరు అలలు కావాలంటే రంగు వేయకముందే టిష్యూ కాగితాన్ని ఫెవికాల్‌తో ముడతలు పడేలా అతికించాలి. ఒడ్డున పెరిగే జమ్ముగడ్డికి కొబ్బరి పీచును మించింది లేదు. పొట్టిగా కత్తిరించి, అక్కడక్కడా గుంపులుగా నాటాలి. ఒడ్డంతా నాటితే కంచెలా ఉంటుంది, దళాలు నీళ్లలోకి దిగే చోటూ కనబడదు.

మీరు చేయబోయేది ఏ పోరు సరస్సయినా, చెక్క కోసేముందు ఆ యుద్ధం పటం ముందేసుకుని కూర్చోండి. ఏ సైన్యం ఎటునుంచి వచ్చిందో, నీళ్లు ఎవరి దారికి అడ్డొచ్చాయో చూసి ఒడ్డు గీయండి. రెజిన్‌కు పెట్టే డబ్బుతో మంచి కుంచె కొనుక్కోండి.